కప్పులు మనవి, లీగ్ కలకత్తాది: హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎక్కడ జారిపోయింది?

బొల్లారం_లెఫ్టవుట్

హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన జట్టు ఇది. మా ఆఫీసులో ఈ మాట చెబితే ఒకతను "మనకి ఫుట్‌బాల్ జట్టు ఉండేదా?" అన్నాడు. నాకు కోపం రాలేదు గానీ ఆ రోజు నుంచి ఒక ప్రశ్న పట్టుకుని వదలడం లేదు.

కలకత్తా లీగ్ 1898లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మనకేమో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు ఉండేది. దేశం జట్టుకు కోచ్ మన ఊరివాడే. అయినా మన ఊరి లీగ్ గురించి ఈ ఊళ్ళో వందమందిలో ఒక్కరికైనా తెలుసా? అక్కడ ఎలా నిలబడింది, ఇక్కడ ఎందుకు నిలబడలేదు? తెలిసినవాళ్ళు కాస్త విప్పి చెప్పండి.

ఒక్క విన్నపం. "క్రికెట్ మింగేసింది" అనే జవాబు వద్దు. ఈడెన్ గార్డెన్స్ ఉన్నది కలకత్తాలోనే.

మైదాన్_పిచ్చి

రైల్వే ఉద్యోగం పుణ్యమా అని పదకొండేళ్ళు కలకత్తాలో ఉన్నాను. సాయంత్రం డ్యూటీ దిగితే మైదానమే. కాబట్టి అటువైపు సంగతి నేను చెబుతాను, హైదరాబాద్ సంగతి ఫతేమైదాన్ గారు చెప్పాలి.

ముందు ఒక తేడా గమనించండి. మన దేశంలో పాత ఫుట్‌బాల్ అంతా నాకౌట్ టోర్నమెంట్లే. సిమ్లాలో డ్యూరాండ్ 1888లో, బొంబాయిలో రోవర్స్ ఆ తర్వాత కొద్ది ఏళ్ళకి, కలకత్తాలో ఐఎఫ్ఏ (అక్కడి ఫుట్‌బాల్ సంఘం) షీల్డ్ 1893లో. ఓడితే పెట్టె సర్దుకోవడమే. లీగ్ అలా కాదు. ఓడినా వచ్చే వారం మళ్ళీ ఆడాలి. గెలిచినా ఆడాలి. అంటే క్లబ్బుకి నెలల తరబడి పదకొండు మంది, ఒక గ్రౌండు, కాస్త డబ్బు, ఓడినా వచ్చే జనం కావాలి. ఐఎఫ్ఏ వాళ్ళు 1898లో లీగ్ పెట్టినప్పుడు ఇవన్నీ ఉన్నది తెల్లవాళ్ళకే. రెజిమెంట్లు, కస్టమ్స్ వాళ్ళు, కలకత్తా ఎఫ్‌సీ లాంటి దొరల క్లబ్బులు. మొదటి ఛాంపియన్ గ్లౌస్టర్‌షైర్ రెజిమెంట్.

మోహన్ బగాన్ క్లబ్బు పుట్టింది 1889లో. లీగ్ రెండో డివిజన్లోకి రానిచ్చింది 1914లో. మొదటి డివిజన్ 1915లో. లీగ్ గెలిచింది 1939లో! క్లబ్బు పెట్టిన యాభై ఏళ్ళకి.

గోదారిగట్టు

ఆగండాగండి. మోహన్ బగాన్ 1911లోనే ఇంగ్లీషోళ్ళని ఓడించింది కదండీ, చెప్పుల్లేకుండా ఆడి? మరి 1939 ఏంటి?

మైదాన్_పిచ్చి

అందరూ పడే గుంత ఇదే 🙂 1911 జులై 29న గెలిచింది ఐఎఫ్ఏ షీల్డ్. నాకౌట్. ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించారు, కెప్టెన్ శివదాస్ భాదురి ఒకటి, అభిలాష్ ఘోష్ ఒకటి. పదకొండు మందిలో పదిమందివి వట్టి కాళ్ళు, ఒక్కడికే బూట్లు.

అయితే ఆ గెలుపుతో దేశమంతా ఊగిపోయింది గానీ, లీగ్‌లో చోటు మాత్రం వెంటనే దొరకలేదు. దొరికాక కూడా ఒక మెలిక ఉంది. మొదటి డివిజన్లో భారతీయ క్లబ్బులు రెండుకు మించకూడదు! మోహన్ బగాన్, ఆర్యన్ ఉన్నాయి కాబట్టి ఇంకొకరికి దారి లేదు, రెండో డివిజన్లో ఎంత బాగా ఆడినా సరే. ఈస్ట్ బెంగాల్ (1920లో పుట్టింది) గొడవ పెట్టింది, వాదించింది, చివరికి 1925లో ఆ నిబంధన పోయి పై డివిజన్‌కి వచ్చింది. నన్నడిగితే ఆ లీగ్ అసలు చరిత్ర అక్కడ మొదలైంది. కింద ఆడేవాడు గెలిస్తే పైకి రావచ్చు, పైవాడు ఓడితే దిగాలి. ఈ ఒక్క సూత్రం పేపరు మీద కాక నిజంగా అమలైతేనే అది లీగ్.

రైట్‌హాఫ్_రమణ

మహమ్మడన్ స్పోర్టింగ్‌ని వదిలేశారే. ఆ సూత్రానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

1934లో మొదటిసారి పై డివిజన్లో అడుగుపెట్టారు, అదే ఏడు లీగ్ గెలిచారు. లీగ్ గెలిచిన మొదటి భారతీయ క్లబ్బు వాళ్ళే. అక్కడితో ఆగలేదు, 1938 దాకా వరసగా ఐదుసార్లు. ముప్ఫై ఆరేళ్ళు తెల్లజట్లు పట్టుకు కూర్చున్న లీగ్‌ని కొత్తగా వచ్చినవాళ్ళు ఐదేళ్ళు వదల్లేదు.

ఎలా? రెండు పనులు చేశారు. ఒకటి, బెంగాల్‌ని దాటి దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్ళని తెచ్చుకున్నారు, బెంగళూరు నుంచి ముఖ్యంగా. రెండోది నాకు భలే ఇష్టం. కలకత్తా లీగ్ ఆడేది వానాకాలంలో. పొడి నేల మీద మనవాళ్ళు వట్టికాళ్ళతో పాదరసంలా కదిలేవారు. వాన పడితే మాత్రం సర్రున జారేవారు, బూట్ల దొరలు తాపీగా గెలిచేవారు. మహమ్మడన్ వాళ్ళు తడి నేల మీద తేలికపాటి బూట్లు తొడిగి ఆడటం నేర్చుకున్నారు. అంతే! జూన్, జులై బురదలో మిగతా భారతీయ జట్లు పోగొట్టుకునే పాయింట్లు వీళ్ళు పోగొట్టుకోలేదు. లీగ్ అంటే ఒక్క మంచి సాయంత్రం కాదు, వానలో కూడా పాయింట్లు తేవాలి.

(జాతీయ జట్టుకి ఈ బుద్ధి వచ్చేసరికి 1952. హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తిన్నాక గానీ బూట్లు తప్పనిసరి చెయ్యలేదు.)

ఫతేమైదాన్

పిలిచిన్రు కాబట్టి వచ్చిన. మా నాయిన సిటీ పోలీసోళ్ళ ఆట చూసిండు. లాల్ బహదూర్ స్టేడియం అని మీరంటున్నదాన్ని ఆయన చివరిదాకా ఫతే మైదాన్ అనే అన్నడు, నేను గూడ అదే పేరు పెట్టుకున్న.

లెక్క ముందు చెప్త. సిటీ పోలీస్: రోవర్స్ 1950 నుంచి 54 వరస ఐదు. డ్యూరాండ్ 1950ల మోహన్ బగాన్‌ను ఫైనల్ల కొట్టి గెలిచిన్రు, మల్ల 1954, 1957, ఆ తర్వాత 1961ల ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరు మీద. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1956, 1957 రెండేండ్లు హైదరాబాద్‌దే. కలకత్తా పెద్ద క్లబ్బులు మా పోలీసోళ్ళ పేరు వింటె ఉలిక్కిపడేటియి, ఇది గొప్పకు చెప్పెడిది కాదు.

ఇగ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. పోలీసు జట్టును 1950 నుంచి చూసుకున్నడు, దేశం జట్టును గూడ. 1951 ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 జకార్తల మల్ల బంగారం. ఇవన్నీ మీకు తెలుసు. తెలువంది ఏందంటె, ఆయన ఊర్ల పోరగాండ్లకు పెట్టిన టోర్నమెంట్లు. ఒకదాంట్ల డ్రిబ్లింగ్ బంద్. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకనికి ఇయ్యాలె, పట్టుకొని ఉరకొద్దు. ఇంకొకదాంట్ల చాతగాని కాలుతోనే ఆడాలె. కుడికాలు పోరడు ఎడమకాలుతో, ఎడమోడు కుడితో. అట్ల తయారైన పోరగాండ్లు పెద్దగైనంక రెండు కాళ్ళూ సమానమే అన్నట్టు ఆడుతుంటె మిగతా దేశం నోరు తెరిచింది.

1963 జూన్ 11న రహీం సాబ్ పోయిండు. క్యాన్సర్. ఆయనతోటి హైదరాబాద్ ఫుట్‌బాల్ గూడ పోయింది అని మా నాయిన అనేటోడు.

రైట్‌హాఫ్_రమణ

అన్నా, మీ నాన్నగారి మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, ఆ వాక్యం దగ్గరే నాకు పేచీ. రహీం పోయిన రెండేళ్ళకి, 1965-66లో, ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదీ బెంగాల్ మీద. అంటే ఆటగాళ్ళు ఉన్నారు, ఆట ఉంది. పోయింది వేరే ఏదో.

ఒక్క మనిషి పోతే కూలిపోయేదాన్ని మనం లీగ్ అనలేం. కలకత్తాలో 1911 నాటి వాళ్ళు పోయారు, 1934 వాళ్ళు పోయారు, 1947లో అల్లర్ల వల్ల లీగే ఆగిపోయింది. దేశం రెండుగా చీలింది, ఈస్ట్ బెంగాల్ అనే పేరున్న ప్రాంతమే వేరే దేశం అయింది! క్లబ్బు మాత్రం ఉంది. ఉండటమే కాదు, అటు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళందరికీ అదే ఇల్లయింది.

ఫతేమైదాన్

తమ్మీ, నాయిన మాట నాయినది. నాకూ అనుమానమే, అందుకే ఆయన అనేటోడు అని రాసిన, నేనంటున్న అని రాయలె 🙂

అమ్ముగూడ_స్టేషన్

బలరాం పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. తులసీదాస్ బలరాం మా అమ్ముగూడ మనిషి. పేదింటి పిల్లాడు. ఊళ్ళోకి ప్రాక్టీసుకి రావడానికి అద్దె సైకిలుకి రహీం సాబే డబ్బులిచ్చేవారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. 1956 ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, 1962లో బంగారం గెలిచిన జట్టులో ఉన్నాడు.

ఈ చర్చకి అతనే జవాబు అనిపిస్తుంది నాకు. హైదరాబాద్ తయారుచేసింది, ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. 1961లో ఈస్ట్ బెంగాల్ లీగ్ గెలిచినప్పుడు కెప్టెన్ అతనే, గోల్సులో ముందున్నదీ అతనే. తర్వాత బీఎన్ఆర్ జట్టుకి వెళ్ళాడు, ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవయ్యేడేళ్ళకే ఆట మానేశాడు. మానేశాక? ఇటు రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు.

మా స్టేషన్ దగ్గర పదిమందిని ఆపి బలరాం ఎవరని అడగండి.

గోదారిగట్టు

బీఎన్ఆర్ అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే అండి, మన వాల్తేరు దాకా వచ్చిన రైలే. అంటే ఆ జట్టు మీద మాకూ కొంచెం హక్కుంది 😄

మైదాన్_పిచ్చి

బలరాంతో పోయిన దారి తర్వాత రహదారి అయిపోయింది. 1960ల మధ్యలో హబీబ్, నయీముద్దీన్, అఫ్జల్ ఈస్ట్ బెంగాల్‌కి వచ్చారు. ఆ తర్వాత హబీబ్ తమ్ముడు అక్బర్. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. నయీం 1970 ఆసియా క్రీడల్లో దేశం జట్టుకి కెప్టెన్, కాంస్యం తెచ్చాడు. షబ్బీర్ 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ ఛాంపియన్లైన మన జట్టు కెప్టెన్. అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల వాళ్ళే.

ఈస్ట్ బెంగాల్ 1970 నుంచి 75 దాకా వరసగా ఆరుసార్లు లీగ్ గెలిచింది. ఆ రోజుల గురించి పాత బెంగాలీలు మాట్లాడితే మధ్యలో హబీబ్ పేరు వచ్చి తీరాలి. "బొడే మియా" అంటారు. నేను హైదరాబాద్ అని చెబితే టీ కొట్టు ముసలాయన మొదట అడిగింది చార్మినార్ గురించి కాదు, హబీబ్ ఎలా ఉన్నాడని.

1976 జులైలో మోహన్ బగాన్ తరఫున అక్బర్ ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన పదిహేడో సెకనులో గోల్ కొట్టాడు. లీగ్ డెర్బీలో, అంటే ఆ రెండు క్లబ్బుల పోరులో. ఆలస్యంగా గ్యాలరీ ఎక్కినవాళ్ళు ఎన్నేళ్ళు ఏడ్చి ఉంటారో. మరుసటేడు సెప్టెంబరు 24న పెలే ఉన్న కాస్మోస్ జట్టు ఈడెన్‌కి వచ్చింది. మోహన్ బగాన్‌తో 2-2. ఆ రెండు గోల్సులో ఒకటి హబీబ్‌ది.

నిజాంపేట_పిల్లోడు

నాకు 22 ఏళ్ళు. ఐఎస్ఎల్ చూసి ఫుట్‌బాల్‌లోకి వచ్చా. ఒక అనుమానం. ఆ కాలంలో ఆటగాళ్ళకి జీతాలు లేవు కదా, మరి ఎందుకు వెళ్ళారు? ఇక్కడ పోలీసు ఉద్యోగం ఉంది, అక్కడ ఏముంది?

మైదాన్_పిచ్చి

పేరుకే అమెచ్యూర్ బ్రదర్. చేతికింద డబ్బు, బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం, ఉండటానికి మెస్సు. ట్రాన్స్‌ఫర్ల కాలాన్ని అక్కడ "దొల్ బదల్" అంటారు, అదొక జాతర. సంతకాల రోజులు దగ్గర పడితే అవతలి క్లబ్బు ఎగరేసుకుపోకుండా ఆటగాణ్ణి తీసుకెళ్ళి ఎవరింట్లోనో దాచిపెట్టేవారు. సంతకం రోజున చుట్టూ మందీ మార్బలంతో ఐఎఫ్ఏ ఆఫీసుకి పట్టుకొచ్చేవారు. ఇప్పటి మన రాజకీయ రిసార్టు క్యాంపులన్నీ దీని ముందు బలాదూర్.

డబ్బు ఒక్కటే కాదు. వేలమంది ముందు ఆడటం అనే మత్తు వేరు. హైదరాబాద్‌లో ఎంత బాగా ఆడినా సోమవారం ఎవడూ గుర్తుపట్టడు. అక్కడ సోమవారం చేపల బజారులో నీకు డబ్బు తీసుకోరు.

గోదారిగట్టు

చేపల మాట వచ్చింది కాబట్టి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారటగా? ఆ ఇలిశ మన పులసేనండి. సముద్రం నుంచి గోదాట్లోకి ఎదురీది వస్తే పులస. పుస్తెలమ్మైనా తినాలనే చేప. అంటే నేను పుట్టుకతోనే ఈస్ట్ బెంగాల్ అభిమానినన్నమాట. తెలీక ఇన్నాళ్ళూ వృథా చేసుకున్నాను.

రైట్‌హాఫ్_రమణ

నవ్వులాటకి అన్నా, గోదారిగట్టు గారు అసలు పాయింటు మీద చెయ్యి పెట్టారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళది ఈస్ట్ బెంగాల్, పడమటివాళ్ళది మోహన్ బగాన్, ముస్లింలది మహమ్మడన్. ఇలా విడదీయడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ క్లబ్బు అనేది వంటింటి దాకా వెళ్ళింది. సభ్యత్వం కట్టేవాళ్ళు, ఓడితే అధికారుల్ని నిలదీసేవాళ్ళు ఉన్నారు.

మన సిటీ పోలీసుకి సభ్యుడిగా చేరడం ఎలా? పోలీసయితే తప్ప కుదరదు! సైన్యం వాళ్ళ ఈఎంఈ సెంటర్‌ జట్టుకి అభిమాని ఎవరు? రైల్వే జట్టుకి? ఆటలు బాగా ఆడారు, చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాం. శాఖ ఉద్యోగాలివ్వడం తగ్గించగానే జట్టు పలచబడింది, మనం చూస్తూ ఊరుకున్నాం. ఎందుకంటే అది ఎన్నడూ మనది కాదు, సర్కారుది. హైదరాబాద్ జారిపోయింది ఇక్కడే అని నా లెక్క. మనం కప్పులు గెలిచే జట్టుని తయారుచేసుకున్నాం గానీ, ఓడినప్పుడు కూడా వదలలేని క్లబ్బుని తయారుచేసుకోలేదు.

కలకత్తాలోనూ శాఖల జట్లున్నాయి. 1958లో లీగ్ గెలిచింది ఈస్టర్న్ రైల్వే, పీకే బెనర్జీ ఆడిన జట్టు. కానీ వాళ్ళు లీగ్‌లో ఒక భాగం మాత్రమే. ఆ మూడు పెద్ద క్లబ్బుల్ని కాదని మళ్ళీ ఇంకొకరు గెలవడానికి 61 ఏళ్ళు పట్టింది, 2019లో పీర్‌లెస్.

ఫతేమైదాన్

రమణ తమ్మి చెప్పింది సగం ఒప్పుకుంట. కానీ సర్కారు జట్టు అని తేలిగ్గ తీసేయకు. ఆ కాలంల పేదింటి పోరడు ఫుట్‌బాల్ ఎందుకు ఆడిండంటే మంచిగ ఆడితె ఖాకీ బట్టలొస్తయని. నెల జీతం, పింఛన్. క్లబ్బు సభ్యత్వాలు కట్టే బాబులు కలకత్తల ఉన్నరు, మా దగ్గర మిల్లు కూలీలు, కంటోన్మెంటు బట్లర్ల పిల్లలు ఉన్నరు. పోలీసు జట్టు లేకపోతె ఆ పిల్లలు అసలు బంతి ముట్టకపోదురు.

మన దగ్గర లీగ్ లేదని గూడ అనకున్రి. ఏ, బీ, సీ డివిజన్లున్నయి. ఏ డివిజన్‌ను రహీం లీగ్ అనే పిలుస్తరు. పేరు మిగిలింది. జనమే లేరు. జింఖానా గ్రౌండ్‌ల నేను చూసిన ఆటలకు, ఆడేటోళ్ళు ఇరవై రెండు మంది, చూసేటోళ్ళం పదకొండు మంది. అండ్ల నలుగురు ఆటగాళ్ళ అన్నదమ్ములు.

మైదాన్_పిచ్చి

కలకత్తాని మరీ స్వర్గం చేసేయకండి. రెండు చేదు సంగతులు.

1980 ఆగస్టు 16. ఈడెన్ గార్డెన్స్‌లో లీగ్ డెర్బీ. గ్రౌండులో గొడవ గ్యాలరీలోకి పాకింది, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఇంటికొచ్చి రొయ్యలో ఇలిశో తినాల్సినవాళ్ళు. ఇప్పటికీ ఆ రోజున వాళ్ళ పేరిట రక్తదానం చేస్తారు.

రెండోది. కలకత్తా మైదానం సైన్యం భూమి. అక్కడ పక్కా కట్టడాలు కుదరవు. అందుకే ఇంత పెద్ద క్లబ్బులకీ అక్కడున్నది చెక్క గ్యాలరీలు, గుడారాలే. ఆఫీసుని "టెంటు" అంటారు. ఈ కొరత వల్లే క్లబ్బులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉండిపోయాయి, ఆఫీసుల నుంచి జనం నడిచి వచ్చారు అని నాకనిపిస్తుంది. ఊరికి దూరంగా పెద్ద స్టేడియం కట్టుకుని ఉంటే అలా నడిచి వచ్చేవారు కాదేమో. గచ్చిబౌలికి రోజూ ట్రాఫిక్‌లో వెళ్ళొచ్చినవాళ్ళకి ఇది విప్పి చెప్పక్కర్లేదు.

పాతకాలం_రిఫరీ

చిన్న చేర్పు. మన దేశంలో 1970ల దాకా ఆట 70 నిమిషాలే, సగానికి 35. బయటి దేశాలకి వెళ్ళి 90 నిమిషాలు ఆడాల్సి వచ్చేసరికి ఆఖరి ఇరవై నిమిషాల్లో మనవాళ్ళ కాళ్ళు పట్టేసేవి. లీగ్‌లో ఎలా అలవాటైతే దేశం జట్టు అలాగే ఆడుతుంది. పెద్ద విజయాల గురించి మాట్లాడేటప్పుడు ఇది మర్చిపోతుంటారు.

నిజాంపేట_పిల్లోడు

సరే పెద్దలందరూ పాత సంగతులు చెప్పారు, ఇప్పటిది నేను చెప్తా. కలకత్తా లీగ్ కూడా ఇప్పుడు అంత గొప్పగా ఏం లేదు. 1996లో నేషనల్ లీగ్ వచ్చింది, 2007లో ఐ-లీగ్, 2014లో ఐఎస్ఎల్. ఇప్పుడు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్‌కి చాలావరకు కుర్రాళ్ళనే పంపుతున్నాయి. 2010 నుంచి 17 దాకా ఈస్ట్ బెంగాల్ వరసగా ఎనిమిదిసార్లు గెలిచింది, ఆ ఊళ్ళో వాళ్ళే "అలవాటైపోయింది" అన్నారంట. 2023లో కలకత్తా లీగ్ ప్రీమియర్ డివిజన్లోని రెండు అంచెల్ని కలిపి 26 జట్లు చేశారు. ఇంత పెద్ద గుంపులో పోటీ ఏముంటుంది?

మైదాన్_పిచ్చి

కుర్రాళ్ళని పంపడం తప్పు అనుకోవడం లేదు నేను. లీగ్ పని మారింది, అంతే. ఒకప్పుడు అదే శిఖరం, ఇప్పుడు మెట్టు. ఈ మధ్య తుది జట్టులో ఇంతమంది బెంగాల్ ఆటగాళ్ళు ఉండాలని నిబంధన కూడా పెట్టారు. ఒకప్పుడు మన హబీబుల్ని దింపుకున్న లీగ్ ఇది! మొదట వింటే నాకు మనసొప్పలేదు. తర్వాత దాని ఫలితం ఎక్కడ చూశానో చెప్పనా? మన గచ్చిబౌలిలో.

2024 డిసెంబరు 31. సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది. బెంగాల్, కేరళ. ఆట అయిపోయిందనుకున్న అదనపు నిమిషాల్లో రొబీ హంస్‌దా గోల్ కొట్టాడు, 1-0. బెంగాల్‌కి అది 33వ సంతోష్ ట్రోఫీ. ఆ కుర్రాళ్ళంతా కలకత్తా లీగ్ బురదలో నలిగినవాళ్ళే. 2021లో మహమ్మడన్ నలభై ఏళ్ళ తర్వాత లీగ్ గెలిచింది, ఆ తర్వాత రెండేళ్ళూ వాళ్ళదే, 2024లో ఐ-లీగ్ గెలిచి ఐఎస్ఎల్‌కి ఎక్కింది. మెట్టు పనిచేస్తోంది.

బొల్లారం_లెఫ్టవుట్

ఆ ఫైనల్‌కి నేను వెళ్ళాను. నా చుట్టూ ఉన్నవాళ్ళలో మలయాళం వినపడింది, బెంగాలీ వినపడింది. మన ఊళ్ళో ఫైనల్, మనం మూడో మనిషి.

హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచిన ఫైనల్ కూడా గుర్తొస్తోంది. 2022 మార్చి 20, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో. మన గోలీ కట్టిమణి మూడు ఆపాడు. కానీ అది గోవాలో. కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే ఆడారు. మన జట్టు తన జీవితంలో అందరికన్నా బాగా ఆడిన ఏడాది మన ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా లేదు. దురదృష్టం అంటారా, ఇంకేమైనా అంటారా తెలీదు.

రైట్‌హాఫ్_రమణ

దురదృష్టమే, కాదనను. కానీ 2019లో పుణె జట్టు స్థానంలో ఇక్కడికి వచ్చింది, 2025లో ఢిల్లీకి వెళ్ళింది. వచ్చేటప్పుడు మనల్ని అడగలేదు, పోయేటప్పుడూ అడగలేదు. సిటీ పోలీసు సర్కారుది అన్నాను కదా, ఇది యజమానిది. రెండింట్లోనూ మనం ప్రేక్షకులమే.

శ్రీనిధి డెక్కన్ ఉంది ఇప్పటికి. ఐ-లీగ్‌లో 2023, 2024 రెండు సీజన్లూ రెండో స్థానం. ఎంతమందిమి వెళ్ళి చూశాం? నేను రెండుసార్లు. అంతే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అమ్ముగూడ_స్టేషన్

నేను సున్నా. నేనే గెలిచాను.

పాతకాలం_రిఫరీ

మీ వాదనలన్నీ బాగున్నాయి గానీ ఒక ముక్క. కింది డివిజన్ ఆటలు నడపడానికి ఏం కావాలో ఎవరూ రాయలేదు. గీతలు గీసిన గ్రౌండు, ముగ్గురు రిఫరీలు, ఇద్దరు బంతి అందించే పిల్లలు, ఒక మంచుగడ్డల డబ్బా. అన్నిటికన్నా ముందు, ఈ ఆట ఏ రోజు ఎన్ని గంటలకి అన్నది జనానికి వారం ముందు తెలియాలి. నేను విజిల్ ఊదిన రోజుల్లో సగంసార్లు జట్లకే ముందురోజు రాత్రి తెలిసేది. కలకత్తాలో పొద్దున పేపరు తెరిస్తే మూడో డివిజన్ ఆట కూడా ఏ గ్రౌండులో ఉందో ఉంటుంది. తెలియని ఆటకి ఎవడొస్తాడు?

ఫతేమైదాన్

రిఫరీ సాబ్ కరెక్టు మాట చెప్పిండు. ఈసారి ఏ డివిజన్ షెడ్యూల్ చేతికి రాంగనే ఇక్కడనే పెడ్త. నాయిన పెట్టెల పాత టోర్నమెంటు కాయితాలు గూడ కొన్నున్నయి, చాతగాని కాలు టోర్నమెంటు గురించి ఏమన్న దొరుకుతదేమో చూస్త.

నిజాంపేట_పిల్లోడు

అన్నా షెడ్యూల్ పెట్టండి, మేం నలుగురం వస్తాం. జింఖానాకి మెట్రో ఏ స్టేషన్‌లో దిగాలి?

ఫతేమైదాన్

పరేడ్ గ్రౌండ్ దిగు తమ్మీ. గొడుగు తెచ్చుకో, అక్కడ నీడ లేదు.